చెన్నైలో ఉంటూ మన్నార్ పగడపు దిబ్బల అడుగు పటం తయారు చేయడం ఎలా?

గిండీలోనో తరమణిలోనో రిమోట్ సెన్సింగ్, జియోఇన్ఫర్మేటిక్స్ చదివే మన తెలుగు పిల్లల్లో ఎవరో ఒకరు ప్రాజెక్టు కోసం పగడపు దిబ్బల మీద పడుతూనే ఉంటారు. నీళ్ల అడుగున ఎక్కడ ఇసుక, ఎక్కడ గడ్డి, ఎక్కడ పగడం ఉందో చూపేదే అడుగు పటం. ఉపగ్రహ చిత్రంలో దీవుల చుట్టూ నీలం, ఆకుపచ్చ రంగులు కనబడగానే సగం పని అయిపోయినట్టు అనిపిస్తుంది. చిత్రంలోని ప్రతి పిక్సెల్‌నూ ఏదో ఒక రకంలో చేర్చే క్లాసిఫికేషన్ బటన్ నొక్కడం నిజంగానే ఒక సాయంత్రం పని. కానీ ఏ తేదీ చిత్రం తీసుకున్నారు, ఏ క్లాసులు (ఇసుక, గడ్డి లాంటి అడుగు రకాలు) పెట్టుకున్నారు, నీళ్ల కిందకి తొంగి చూసి వచ్చారా లేదా అన్న మూడు విషయాలు ఆ బటన్ నొక్కడానికి ముందే పటం తలరాత రాసేస్తాయి. అందుకే ఇక్కడ సాఫ్ట్‌వేర్ గురించి తక్కువ, మిగతా వాటి గురించి ఎక్కువ ఉంటుంది.

చెన్నై తీరంలో ఈ పనికి పనికొచ్చే దిబ్బలు లేవు, నీళ్లూ మసకే. మనకు అందుబాటులో ఉన్న అసలు చోటు మన్నార్ సింధుశాఖ సముద్ర జాతీయ పార్కు. రామేశ్వరం దగ్గర నుంచి తూత్తుకుడి దాకా తీరానికి సమాంతరంగా వరుసగా ఉన్న 21 దీవులు, వాటి చుట్టూ ఉన్న లోతు తక్కువ నీళ్లు కలిపి 560 చదరపు కిలోమీటర్లు. 1986లో దీన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. దాని చుట్టూ 10,500 చదరపు కిలోమీటర్ల జీవావరణ రిజర్వు 1989లో వచ్చింది. దీవులు నాలుగు గుంపులు: మండపం, కీళక్కరై, వేంబార్, తూత్తుకుడి. 21లో రెండు, పూవరసన్‌పట్టి, విలంగుచల్లి, ఇప్పటికే నీటి మట్టం కిందకి వెళ్లిపోయాయి. ఒకప్పుడు సున్నం కోసం పగడాలను తవ్వుకుపోవడం ఈ దీవుల కోతకు ఒక కారణం.

మొత్తం పార్కు మీద చేయి వేయకండి. ఒక గుంపు, వీలైతే అందులో రెండు మూడు దీవులు చాలు. మొదటిసారి చేసేవాళ్లకు మండపం గుంపు మంచిది: ఎగ్మూర్‌లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి ఆ దరిదాపుల్లో ఉంటారు, సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా మండపంలోనే ఉంది.

పటం ఎవరికి, ఎందుకు?

ఇది ముందు ఒక వాక్యంలో రాసుకోండి. "సముద్రపు ఆవు (డ్యూగాంగ్) మేసే గడ్డి మైదానాలు ఎక్కడెక్కడ ఉన్నాయి?" అన్నది ఒక ప్రశ్న. "పడవల లంగరు ఎక్కడ వేస్తే పగడానికి దెబ్బ తగలదు?" అన్నది ఇంకొకటి. మొదటిదానికి గడ్డి దట్టంగా ఉందా, పలచగా ఉందా అన్న తేడా కావాలి. రెండోదానికి ఇసుక ఎక్కడ, గట్టి నేల ఎక్కడ అని తెలిస్తే చాలు. ప్రశ్న లేకుండా మొదలుపెడితే పన్నెండు రంగుల అందమైన బొమ్మ వస్తుంది, ఎవరికీ పనికిరాదు.

ప్రశ్న తేలాక క్లాసులు. 10 మీటర్ల పిక్సెల్ ఉన్న చిత్రంతో మన్నార్‌లో నమ్మకంగా విడదీయగలిగినవి నాలుగైదే: ఇసుక, పగడపు ముక్కలు కలిసిన గట్టి నేల, పగడం లేదా నాచు పట్టిన దిబ్బ, దట్టమైన సముద్రపు గడ్డి, పలచని గడ్డి. "బతికిన పగడం", "చచ్చిన పగడం" అని రెండు క్లాసులు పెట్టాలని చాలామందికి కోరికగా ఉంటుంది. పెట్టకండి. బతికిన పగడం ఒంట్లో ఉండే సూక్ష్మ నాచుకూ, చచ్చిన పగడం మీద పట్టే నాచుకూ పత్రహరితమే రంగు ఇస్తుంది. అంత పెద్ద పిక్సెల్‌లో ఆ రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. ప్రపంచమంతటి దిబ్బల పటం తయారుచేసిన అలెన్ కోరల్ అట్లాస్ కూడా పగడాన్నీ నాచునూ కలిపి ఒకే క్లాసుగా చూపిస్తుంది. 2010, 2016 వేసవుల్లో సముద్రం వేడెక్కి ఇక్కడి పగడాలు తెల్లబారిన సంగతి మీరు చదివే ఉంటారు. ఆ తర్వాత ఎంత బతికింది అన్న లెక్క నీళ్లలో దిగి చూసినవాళ్లే చెప్పగలరు, ఉపగ్రహం కాదు.

ప్రతి క్లాసుకూ ఒక నియమం రాసి పెట్టుకోండి. ఉదాహరణకు, అడుగులో 30 శాతం కన్నా ఎక్కువ గడ్డి కప్పి ఉంటేనే "గడ్డి". ఈ నియమం ముందే లేకపోతే పడవలో ఒకరు గడ్డి అన్నది ఇంకొకరు ఇసుక అంటారు, సాయంత్రానికి ఇద్దరికీ మాటలుండవు.

అనుమతి: మొదటి రోజే దరఖాస్తు

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం జాతీయ పార్కులోకి పరిశోధన కోసం వెళ్లాలంటే రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి అనుమతి కావాలి. ఆ కార్యాలయం చెన్నైలోనే ఉండటం మనకు కలిసొచ్చే విషయం. పార్కు చూసుకునే వార్డెన్ కార్యాలయం రామనాథపురంలో ఉంది. దరఖాస్తు కాలేజీ లెటర్‌హెడ్ మీద, గైడ్ సంతకంతో వెళ్లాలి. ఏ దీవులు, ఏ నెల, ఎంతమంది, ఏ పరికరాలు, ఏమీ సేకరించం అన్న మాట, ఇవన్నీ స్పష్టంగా ఉండాలి. ఫైలు కదలడానికి నెలలు పట్టవచ్చు కాబట్టి చిత్రాల పని మొదలుపెట్టిన రోజే ఇదీ మొదలుపెట్టండి. టెన్షన్ పడి అనుమతి లేకుండా "చేపల పడవలో ఒక్కసారి వెళ్లొచ్చేద్దాం" అనుకోవద్దు. దొరికితే కేసు మీ ఒక్కరి మీదే కాదు, పడవ నడిపిన మనిషి మీద కూడా పడుతుంది. మీకు అది ప్రాజెక్టు, ఆయనకు బతుకుతెరువు.

దిబ్బ కట్టే పగడాలన్నీ ఆ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన ముక్క కూడా జేబులో వేసుకోకండి.

డ్రోన్ ఎగరేద్దామా అని అడుగుతారు. అటవీ శాఖ అనుమతికి తోడు డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై పటంలో ఆ ప్రాంతం ఏ జోన్‌లో ఉందో చూడాలి. మండపానికి దగ్గర్లో, ఉచ్చిపుళిలో నౌకాదళ విమాన స్థావరం ఉంది, అటువైపు శ్రీలంక సముద్ర సరిహద్దు ఉంది. విద్యార్థి ప్రాజెక్టుకు డ్రోన్ లేకుండా ప్లాన్ వేసుకోవడమే నా సలహా.

చిత్రాన్ని ఎంచుకోవడం

యూరప్ ఉపగ్రహాలైన సెంటినెల్-2 చిత్రాలు వాళ్ల కోపర్నికస్ సైట్‌లో ఉచితం. ఐదు రోజులకోసారి అదే చోటు చిత్రం దొరుకుతుంది. నీలం, ఆకుపచ్చ, ఎరుపు, సమీప పరారుణ (కంటికి కనిపించని, ఎరుపు పక్కనుండే కాంతి) బ్యాండ్లు, అంటే ఒక్కో రంగు కాంతికి ఒక్కో పొర, 10 మీటర్ల పిక్సెల్‌తో వస్తాయి. హైదరాబాద్ ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వాళ్ల భూనిధి పోర్టల్‌లో మన రిసోర్స్‌శాట్ ఉపగ్రహపు లిస్-4 కెమెరా చిత్రాలు ఇంకా సన్నగా, 5.8 మీటర్ల పిక్సెల్‌తో ఉంటాయి. కానీ వాటిలో నీలం బ్యాండు లేదు, నీళ్ల కింద చూడటానికి అది పెద్ద లోటు. దీవి అంచులు సరిగ్గా గీసుకోవడానికి లిస్-4, అడుగు చూడటానికి సెంటినెల్ అని పెట్టుకోండి.

ఇక ఏ నెల? ఇక్కడ కాస్త నిదానించాలి. నైరుతి రుతుపవనాల కాలంలో మన్నార్ వైపు గాలి, అలలు ఎక్కువ. అడుగు బురద లేచి నీళ్లు మసకబారతాయి. ఈశాన్య రుతుపవనాల్లో మబ్బులు, వాగుల నుంచి వచ్చే మట్టి నీళ్లు. ఏప్రిల్ వచ్చేసరికి నీళ్లు కొంత తేటగా ఉన్నా సూర్యుడు దాదాపు నెత్తిమీదకొస్తాడు. ఉపగ్రహం ఉదయం పదిన్నర, పదకొండు మధ్య దాటేటప్పుడు నీటి ఉపరితలం మీద ఎండ మెరిసి అడుగును కప్పేస్తుంది. అన్నీ చూసుకుంటే ఫిబ్రవరి, మార్చి మేలు.

మబ్బు లేని చిత్రాలు మూడు నాలుగు దించుకుని ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. మూడు తేదీల్లోనూ కదలకుండా అదే చోట ఉన్న నల్ల మచ్చ అడుగుది. కదిలితే అది మబ్బు నీడో, బురదో, నీటిపై తేలే నాచో. మబ్బు నీడ, సముద్రపు గడ్డి రెండూ ఒకేలా నల్లగా కనబడతాయి. ఉదయపు ఎండ ఆగ్నేయం వైపు నుంచి వస్తుంది కాబట్టి నీడ మబ్బుకు వాయవ్యంగా పడుతుంది. ఆ దిక్కులో వెతికితే దొంగ గడ్డి దొరికిపోతుంది. నీటి రంగే మారిపోయిన రోజులను కూడా వదిలేయండి. 2019 సెప్టెంబరులో నాక్టిలూకా అనే సూక్ష్మజీవి విపరీతంగా పెరిగి మండపం తీరంలో నీళ్లు పచ్చబడ్డాయి. అలాంటి చిత్రం మీద ఎంత గొప్ప లెక్క వేసినా దండగే.

ఎంచుకున్న చిత్రం తేదీ, సమయం రాసుకుని ఆ గంటకు ఆటుపోటు ఎంతుందో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ సమాచారంలో చూసి పక్కన నోట్ చేయండి. మన్నార్‌లో ఆటుపోట్ల తేడా మీటరులోపే. కానీ మీరు చూస్తున్న లోతే రెండు మూడు మీటర్లు అయినప్పుడు అది చిన్న తేడా కాదు.

చిత్రాన్ని శుభ్రం చేయడం

వాతావరణపు పొర తీసేయడానికి నేల కోసం తయారైన మామూలు పద్ధతి నీళ్ల మీద సరిగ్గా పనిచేయదు. ఉచితంగా దొరికే ఆకోలైట్ అనే సాఫ్ట్‌వేర్ నీళ్ల కోసమే చేసింది, అది వాడండి. అది కాకుండా ముడి ఫైళ్లతో మీరే లెక్క వేస్తుంటే ఒక గోతి ఉంది: 2022 జనవరి 25 తర్వాత తయారైన సెంటినెల్-2 ఫైళ్లలో ప్రతి విలువకూ 1000 అదనంగా కలిపి ఉంటుంది. పాత, కొత్త చిత్రాలు పోల్చేవాళ్లు దాన్ని తీసేయకపోతే సముద్రం ఒక్క రాత్రిలో తెల్లబడినట్టు తేలుతుంది. ఉపగ్రహ చిత్రాల మీద ఆన్‌లైన్‌లోనే లెక్కలు వేసే గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో "హార్మొనైజ్డ్" అని ఉన్న సేకరణ తీసుకుంటే ఈ తలనొప్పి లేదు.

ఫైళ్లన్నీ ఒకే కొలతల పద్ధతిలో ఉండాలి కాబట్టి యూటీఎమ్ 44 ఉత్తర జోన్‌లో, అంటే ఉచిత పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో ఈపీఎస్‌జీ 32644 అనే కోడ్‌లో పెట్టుకోండి. తూత్తుకుడి నుంచి చెన్నై దాకా అంతా ఇదే జోన్.

సమీప పరారుణ కాంతి నీళ్లలోకి దిగీ దిగగానే ఆగిపోతుంది. కాబట్టి ఆ బ్యాండుతో నేలనూ నీటినీ వేరు చేయవచ్చు, ఎండ మెరుపును కూడా తీసేయవచ్చు. మెరుపు తీయడానికి లోతైన నీళ్లలో, మెరుపు కనిపించే ఒక ముక్క ఎంచుకోండి. అక్కడ పరారుణ విలువ పెరిగేకొద్దీ నీలం, ఆకుపచ్చ ఎంత పెరుగుతున్నాయో గీత గీసి చూసి, ఆ మేరకు చిత్రమంతటా తగ్గించండి. ఆటు సమయంలో నీటి పైకి తేలిన గడ్డి కూడా పరారుణంలో మెరుస్తుంది. దాన్ని ఎండ మెరుపు అనుకుని తీసేస్తే మీ మంచి గడ్డి మైదానమే మాయమవుతుంది కాబట్టి అలాంటి చోట్లను ముందే చుట్టుగీసి పక్కన పెట్టండి.

లోతు చేసే మోసం

ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువ మందిని తప్పుదోవ పట్టించేది ఇదే. ఒకే చీర ఎండలో ఒక రంగు, నీడలో ఒక రంగు అయినట్టు, రెండు మీటర్ల లోతులో తెల్లగా మెరిసే ఇసుక ఆరు మీటర్లకు వచ్చేసరికి రెండు మీటర్ల గడ్డిలా ముదురుగా కనిపిస్తుంది. ఎరుపు కాంతి నాలుగైదు మీటర్లలోనే అయిపోతుంది, నీలం, ఆకుపచ్చ ఇంకా కిందకి వెళతాయి. ఈ తేడాను పట్టుకునే లెక్కను 1970ల చివర్లో లిజెంగా అనే శాస్త్రవేత్త ఇచ్చాడు, ఇప్పటికీ అదే వాడుతున్నాం.

చేసే తీరు ఇది. ఒడ్డు నుంచి లోతుకు సాగే ఇసుక పట్టీ ఒకటి ఎంచుకోండి, అంటే అడుగు ఒకటే, లోతు మాత్రమే మారాలి. అందులోని పిక్సెళ్లన్నిటికీ లోతైన సముద్రపు సగటు విలువను తీసేసి నీలానికీ ఆకుపచ్చకూ లాగరిథమ్ కట్టండి. ఆకుపచ్చను అడ్డంగా, నీలాన్ని నిలువుగా పెట్టి గీస్తే చుక్కలు దాదాపు గీతలా పడతాయి. ఆ గీత వాలు మీకు కావలసిన నిష్పత్తి. నీలపు లాగరిథమ్ నుంచి ఆ నిష్పత్తితో హెచ్చవేసిన ఆకుపచ్చ లాగరిథమ్ తీసేస్తే లోతు ప్రభావం చాలావరకు తగ్గిన కొత్త బ్యాండు వస్తుంది. చుక్కలు గీతలా కాకుండా మబ్బులా చెదిరితే మీ ఇసుక పట్టీలో గడ్డి కలిసిందన్నమాట, ఇంకోచోటు చూసుకోండి.

ఈ లెక్కకు ఒక షరతు ఉంది: నీటి తేట అంతటా ఒకేలా ఉండాలి. మన్నార్ దీవుల దగ్గర ఆ షరతు తరచూ తప్పుతుంది. దీవికి ఒడ్డు వైపున్న నీళ్లు లోతు తక్కువ, మసక ఎక్కువ. చాలాచోట్ల గడ్డి అటే ఉంటుంది. సముద్రం వైపు తేట, దిబ్బలు ఎక్కువ. రెండు వైపులకూ వేరువేరుగా నిష్పత్తి కట్టండి. ఎర్ర సముద్రం గురించో మాల్దీవుల గురించో రాసిన పాఠాల్లో ఈ జాగ్రత్త అంతగా కనిపించకపోవచ్చు, వాళ్ల తేట నీళ్లకు దాని అవసరం తక్కువ.

లోతు అంచనాకు కూడా నీలం, ఆకుపచ్చ లాగరిథమ్‌ల నిష్పత్తి వాడతారు. దాన్ని మీటర్లలోకి మార్చడానికి కొలిచిన లోతులు కావాలి. పడవలో మీరు కొలిచేవి కొన్ని. 2018లో నాసా పంపిన ఐస్‌శాట్-2 ఉపగ్రహం ఆకుపచ్చ లేజర్ కాంతి తేట నీళ్లలో అడుగు దాకా వెళ్లి తిరిగొస్తుంది. దాని దారి మీ దీవి మీదుగా పోతే అదృష్టమే, ఆ కొలతలు ఉచితం.

ఇప్పుడు అసలు గీత గీయాలి: అడుగు ఎక్కడి దాకా కనిపిస్తోంది? లోతైన నీటి సగటు విలువ, దాని చెదురు (ప్రామాణిక విచలనం) ఎంతో చూడండి. నీలంలోనూ ఆకుపచ్చలోనూ ఏ పిక్సెల్ ఆ సగటుకు మూడు చెదురుల లోపలే ఉందో అక్కడ మీరు చూస్తున్నది అడుగు కాదు, నీళ్లే. దానికి "కనిపించలేదు" అని ఒక క్లాసు పెట్టి బూడిద రంగు వేయండి. గైడ్ అడుగుతారు, ఇంత బూడిద ఏమిటని. మసక నీళ్లలో అది న్యాయమైన పటం. అక్కడ బలవంతంగా రంగు నింపితే రేపు ఎవరో దాన్ని నమ్మి లంగరు వేస్తారు.

తొలి పటం, చూడాల్సిన చుక్కలు

శుభ్రం చేసిన బ్యాండ్లను కంప్యూటర్‌కు ఇచ్చి, ఏ పేరూ చెప్పకుండా ఎనిమిది పది గుంపులుగా విడదీయమనండి. ఇది తొలి పటం మాత్రమే. దీన్ని పట్టుకుని ప్రతి గుంపులోనూ యాదృచ్ఛికంగా చుక్కలు వేయాలి. చుక్క పడిన చోట కనీసం మూడు పిక్సెళ్లు పొడవు, మూడు పిక్సెళ్లు వెడల్పు ఒకేలా ఉండాలి. ఫోన్ జీపీఎస్ తప్పే కొన్ని మీటర్లు, చిత్రం జరగడం ఇంకొన్ని మీటర్లు. పక్కపక్కనే అడుగు మారిపోయే చోట మీరు చూసింది ఏ పిక్సెల్‌లో పడిందో ఎవరూ చెప్పలేరు. చివరి పరీక్షకు క్లాసుకు 50 చుక్కలు అన్నది వాడుకలో ఉన్న లెక్క. అంత కుదరకపోతే క్లాసులు తగ్గించండి, చుక్కలు కాదు.

నీళ్లలో చూసి రావడం

సామాను పెద్ద ఖర్చు కాదు. ఒక యాక్షన్ కెమెరా, నీళ్లు చొరని కేసు, కిలోన్నర సీసపు గుండు, తాడు, అర మీటరు భుజాలున్న పీవీసీ పైపు చతురస్రం. తాడు, సీసం కాసిమేడు చేపల రేవు దగ్గర వలల సామాను అమ్మే చోట తీసుకోండి. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు దొరకడం వింతేమీ కాదు, బేరం మన భాషలోనే అవుతుంది. తాడుకు అర మీటరుకోసారి రంగు టేపు చుట్టండి. రాసుకోవడానికి సాండ్‌పేపర్‌తో గరుకు చేసిన తెల్ల పీవీసీ షీటు, పెన్సిల్. పెన్సిల్ నీళ్లలో కూడా రాస్తుంది, పెన్ను రాయదు.

మండపం వెళ్లేముందు ఏదైనా ఈతకొలనులో అనుమతి అడిగి మొత్తం ఒకసారి వాడి చూడండి. కెమెరా తిరగకుండా నిలబడుతోందా, చతురస్రం మొత్తం ఫ్రేములో పడుతోందా అన్నది అక్కడే తేల్చుకోవాలి.

పడవ మనిషితో మాట్లాడటం కూడా సర్వేలో భాగమే. అక్కడి వాళ్లు నీటి కింది దిబ్బలను పార్ అంటారు, ఒక్కోదానికీ ఒక పేరుంటుంది. మన చెన్నై తమిళానికీ వాళ్ల తమిళానికీ తేడా ఉంది, కాబట్టి అర్థం కాకపోతే మళ్లీ అడగండి. తొలి పటం ప్రింటు తీసుకెళ్లి చూపిస్తే "ఇక్కడ గడ్డి కాదు, రాయి" అని వేలు పెట్టి చెబుతారు. వాళ్లకు ఒక భయం కూడా ఉంటుంది: పటం గీస్తే తర్వాత అక్కడ చేపలు పట్టనివ్వరేమో అని. ఆ భయానికి కారణాలున్నాయి. పటం ఎవరి చేతికి వెళుతుందో దాచకుండా చెప్పండి.

ఉదయం తొందరగా బయల్దేరండి, ఎండెక్కేకొద్దీ గాలి పెరుగుతుంది. ముందురోజు ఇన్‌కాయిస్ అలల సూచన చూడండి. లైఫ్ జాకెట్ అందరికీ, ఈత బాగా వచ్చినవాళ్లకు కూడా. నీళ్లలోకి ఒంటరిగా ఎవరూ దిగకూడదు. దిగాల్సి వస్తే పగడం మీద కాలు పెట్టొద్దు, అది పగడానికీ మంచిది కాదు, ముళ్ల అర్చిన్ల వల్ల మీ కాలికీ మంచిది కాదు. లంగరు ఇసుకలోనే.

పడవ ఎక్కగానే కెమెరాతో జీపీఎస్ తెర మీది గడియారాన్ని ఒక ఫోటో తీయండి. కెమెరా గడియారం ఎన్ని సెకన్లు తేడాగా ఉందో ఆ ఒక్క ఫోటో చెబుతుంది, తర్వాత ప్రతి ఫోటోనూ సరైన చోట పెట్టగలరు. చుక్క దగ్గరకు రాగానే స్థానం, సమయం, తాడుతో కొలిచిన లోతు రాసి, కెమెరాను మూడు నాలుగుసార్లు వేరువేరు వైపుల దింపండి. శాతాలు అక్కడికక్కడే ఉజ్జాయింపుగా రాయండి: ఇసుక 60, గడ్డి 40 అని. ఈదుతూ చూసేవాళ్లు జీపీఎస్‌ను నీళ్లు చొరని సంచిలో పెట్టి, తేలే బుయ్‌కి కట్టి వెంట లాక్కెళ్లాలి. నీటి లోపల జీపీఎస్ పనిచేయదు.

కొలిచిన లోతుల్లో ఆ గంట ఆటుపోటు కలిసి ఉంటుంది. ఆ రాత్రే ఇన్‌కాయిస్ పట్టిక చూసి తీసేయండి. ఫోటోలకు రెండు చోట్ల కాపీ కూడా ఆ రాత్రే, బస మారకముందే. చెన్నై వచ్చాక కోరల్‌నెట్ లాంటి ఉచిత సాధనంలో ఫోటో మీద యాదృచ్ఛిక బిందువులు వేసి ఒక్కో బిందువు కింద ఏముందో గుర్తించండి. పడవలో రాసిన ఉజ్జాయింపు ఎంత సరైందో అప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు క్లాసిఫికేషన్

చెప్పాను కదా, ఒక సాయంత్రం. క్యూజీఐఎస్‌లోనో ఎర్త్ ఇంజిన్‌లోనో రాండమ్ ఫారెస్ట్ (మీరిచ్చిన ఉదాహరణలు చూసి నేర్చుకుని మిగతా పిక్సెళ్లను విడదీసే పద్ధతి) చాలు. నీలం, ఆకుపచ్చ, ఎరుపు, లోతు తీసిన బ్యాండు, లోతు అంచనా ఇవ్వండి. ఒక్కటి మాత్రం మరవొద్దు: నేర్పడానికి వాడిన గడ్డి మైదానంలోని పిక్సెల్‌తోనే పరీక్ష పెట్టకూడదు. పిక్సెళ్లను కలిపేసి 70, 30 అని యాదృచ్ఛికంగా పంచితే పక్కపక్క పిక్సెళ్లు రెండు వైపులా పడతాయి, 95 శాతం ఖచ్చితత్వం వచ్చిందని సంబరపడతారు. మైదానాలకు మైదానాలుగా పంచండి. అంకె తగ్గుతుంది, కానీ అది నిజమైన అంకె.

ఒంటరి పిక్సెళ్లను తుడిచే ఫిల్టర్ పెట్టేటప్పుడు చిన్న దిబ్బలు మాయం కాకుండా చూడండి. మన్నార్‌లో చిన్న చిన్న దిబ్బలే ఎక్కువ.

ఎంత నమ్మవచ్చు?

తప్పుల పట్టిక వేయండి: పటం ఏమంది, నీళ్లలో ఏముంది. మొత్తం ఖచ్చితత్వం ఒక్కటే ఇస్తే చాలదు. ఉదాహరణకు పటం గడ్డి అన్న 60 చుక్కల్లో 48 నిజంగా గడ్డి అనుకోండి, పటం చదివేవాడి వైపు నుంచి 80 శాతం. కానీ నీళ్లలో గడ్డి ఉన్న చుక్కలు మొత్తం 80 ఉండి, వాటిలో 48నే పటం పట్టుకుంటే ఇంకో వైపు నుంచి 60 శాతమే. అంటే గడ్డి ఉన్నదానికన్నా తక్కువగా చూపిస్తున్నారు. సముద్రపు ఆవు కోసం గీసిన పటంలో రెండో అంకే ముఖ్యం. విస్తీర్ణం హెక్టార్లలో చెప్పేటప్పుడు కూడా పిక్సెళ్లు లెక్కపెట్టి ఊరుకోకుండా ఈ పట్టికతో సవరించి, హెచ్చుతగ్గుల హద్దులతో ఇవ్వండి.

బూడిద రంగు మిగిలిన లోతు చోట్లకు సోనార్, అంటే శబ్దంతో అడుగును కొలిచే పరికరం, కావాలి. ఒకేసారి చాలా కిరణాలు పంపే మల్టీబీమ్ సోనార్ ఒకసారికి చూసే పట్టీ వెడల్పు లోతుకు కొన్ని రెట్లే. 20 మీటర్ల లోతులో అది ఎంతో పని చేస్తుంది, 2 మీటర్లలో పడవ గంటలు తిరిగినా ముక్క ముక్కలుగా వస్తుంది. దిబ్బకు దగ్గర లోతు తక్కువ నీళ్లలోకి ఆ పడవను తీసుకెళ్లడమూ ప్రమాదమే. అందుకే ఉపగ్రహం, సోనార్ ఒకదానికొకటి పోటీ కావు. అంత ఖర్చు, అన్ని అనుమతులు విద్యార్థి వల్ల కావు. పళ్లికరణైలోని ఎన్‌ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ), ఎన్‌సీసీఆర్ (జాతీయ తీర పరిశోధన కేంద్రం) లాంటి సంస్థలు ఇలాంటి సముద్ర సర్వేలు చేస్తుంటాయి, ఇంటర్న్‌షిప్ దొరుకుతుందేమో అడిగి చూడండి.

ఎవరికి ఏం ఇవ్వాలి

ఫైలుతో పాటు చిత్రం తేదీ, ఆటుపోటు, క్లాసుల నియమాలు, తప్పుల పట్టిక వెళ్లాలి. అనుమతి షరతుల ప్రకారం వార్డెన్ కార్యాలయానికి నివేదిక ఇవ్వండి. అందరికీ పెట్టే కాపీలో మాత్రం కొన్ని చుక్కలు తీసేయండి. సముద్ర దోసకాయలు 2001 నుంచి రక్షిత జాబితాలో ఉన్నా ఈ తీరంలో వాటి దొంగరవాణా ఆగలేదు. మీ ఫోటోల్లో అవి గుంపుగా కనిపించిన చోటు, సముద్రపు ఆవు మేసిన జాడలు కనిపించిన చోటు అటవీ శాఖకు మాత్రమే తెలియాలి. ఫోటోలు ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు వాటిలో దాగిన జీపీఎస్ సమాచారం కూడా తీసేయండి.

పడవ నడిపిన మనిషికి ఒక పెద్ద ప్రింటు, తమిళంలో, ఆయన చెప్పిన పార్ల పేర్లతో. లామినేషన్ చేయించి ఇవ్వండి, పడవలో తడుస్తుంది.